ప్రశ్న ఎవరిది, సమాధానం ఎవరిది?

ప్రశ్న అడగటం సులభమనీ, సమాధానం చెప్పటమే కష్టమనీ మనలో ఒక నమ్మకం వున్నది. పదేళ్ళుగా డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్న నేను కూడా మొన్నమొన్నటి దాకా ఈ నమ్మకంతోనే వున్నాను. ఉపాధ్యాయుడు సమాధానం చెప్పేవాడు గనక, కష్టమంతా తనదేననుకోవటం అతనికి సహజం. కాని గత రెండు సంవత్సరాలలో, నాకు ఏ సంబంధమూ లేని ఒక లోకంలో నేనే ప్రశ్న అడిగేవాణ్ణి కావలసి వచ్చింది. ఆ అనుభవం నా నమ్మకాన్ని తలకిందులు చేసింది.

ఆ లోకం కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్ళది. నేను అక్కడికి ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. నాకు చదువు చెప్పిన ఒక పెద్దాయన చనిపోయారు. ఆయన వ్యాసాలను ఇరవై ఏళ్ళ క్రితం ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించారు. పుస్తకం రాలేదు, కంప్యూటరు ఫైళ్ళు మాత్రం ఒక సీడీలో మిగిలాయి. మూడు వందల పైచిలుకు పేజీలు. ఇప్పటి కంప్యూటరులో వాటిని తెరిస్తే ఒక్క తెలుగు ముక్క కనిపించదు. రోమను అక్షరాలూ, పిచ్చి గుర్తులూ కనిపిస్తాయి. ఆ రోజుల్లో డీటీపీ వాళ్ళు వాడిన అను ఫాంటుల వంటివి తెలుగు అక్షరాలను దాచుకోలేదు. అక్షరాల ముక్కల బొమ్మలను రోమను అక్షరాల స్థానాలలో కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేకపోతే ఆ రాత లేనట్టే. మళ్ళీ టైపు చేయించటానికి డబ్బు లేదు. మా దగ్గర చదువుకొని హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రవాడు, "సార్, పైథాన్ నేర్చుకోండి, నాలుగు రోజుల పని, మీరే మార్చుకోవచ్చు" అన్నాడు. నాలుగు రోజులు నాలుగు నెలలైనాయి.

నన్ను ఆపేసిన మాట ఒకటి చెబుతాను: స్త్రీ. మన కంటికి ఇది ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఇది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పాత ఫాంటులో మాత్రం 'సీ' అనే బొమ్మ ముందు వుంటుంది, వత్తులు ఆ తరవాత వస్తాయి. అంటే గుడిదీర్ఘాన్ని మొదటినుంచి లాక్కువచ్చి, రెండు వత్తులూ దాటించి చివర పెట్టాలి. నా ప్రోగ్రాము ఆ పని చెయ్యలేదు. మాస్టారు స్త్రీ విద్య గురించి రాసిన వ్యాసంలో ప్రతి వాక్యంలోనూ ఆ మాట విరిగి పడింది.

ప్రోగ్రామర్లు ఒకరినొకరు సందేహాలు అడుక్కునే చోట్లు చాలా వున్నాయి. వాటిలో ఒక చోట నా ప్రశ్న పెట్టాను. ఆ చోటి పేరు ఇక్కడ అనవసరం. ఇంగ్లీషులో, నాకు చేతనైనట్టు, అక్షరాల వరుస తప్పుతున్నదని రాశాను. అక్షరం అన్న చోట 'లెటర్' అన్నాను. ఏ లెటరు, ఎక్కడ వుంది, నీ ప్రోగ్రాము ఎక్కడ చూపించావు అని వెంటనే అడిగారు. ఒకాయన, ప్రశ్న అడిగే ముందు అడగటం నేర్చుకోమన్నాడు. గంట తిరగకముందే, ప్రశ్న అస్పష్టంగా వుందన్న ముద్ర వేసి మూసివేశారు. ముప్ఫై అయిదేళ్ళు దాటినవాణ్ణి, ఎం.ఏ. చదివినవాణ్ణి, రోజూ వంద మంది ముందు నిలబడి మాట్లాడేవాణ్ణి. ఆ రాత్రి నాకు సిగ్గుతో నిద్రపట్టలేదు. మళ్ళీ వారం రోజులు ఆ పని ముట్టుకోలేదు.

తరవాత భారతీయ భాషల కంప్యూటింగు మీద పనిచేసేవాళ్ళు కొందరు ఉత్తరాలు రాసుకునే ఒక చిన్న బృందంలో అదే ప్రశ్న, అదే ఇంగ్లీషులో పెట్టాను. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజున ఒక మలయాళీ జవాబు రాశాడు. అది జవాబు కూడా కాదు, ఎదురు ప్రశ్న: "మీరు అక్షరమంటున్నది కంటికి కనిపించేదా, కంప్యూటరు లోపల దాచుకునేదా?" ఈ ఒక్క ప్రశ్నతో నా చిక్కు సగం విడిపోయింది. నేను రెండింటినీ ఒకటేననుకుంటున్నాను. నా ప్రోగ్రాము కూడా అట్లాగే అనుకుంటున్నది. ఆయనకు నా అవస్థ ఎట్లా తెలిసింది? మలయాళానికి కూడా ఇదే రోగం వున్నది గనక. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద సమూహం పాత ఫాంటుల రాతను యూనికోడ్‌లోకి మార్చటానికి 'పయ్యన్స్' అనే పరికరాన్ని ఎప్పుడో తయారుచేసి అందరికీ వదిలిపెట్టింది. అది ఎట్లా పనిచేస్తున్నదో విప్పి చూసుకోమని ఆయన చెప్పాడు. చూసుకున్నాను. స్త్రీ కుదురుకున్నది.

ఇంతటితో ఆపితే, మొదటి చోటు దుర్మార్గం, రెండవ చోటు ఉత్తమం అని తీర్పు చెప్పవచ్చు. కాని అట్లాంటి తీర్పు నిజం కాదు. మొదటి చోటు వంటి చోట్లే అర్ధరాత్రి వేళ నా చిన్న చిన్న సందేహాలు నలభై దాకా తీర్చాయి. వాటిని నేను అడగలేదు. నాకంటె ఎన్నో ఏళ్ళ ముందు ఎవరో అడిగారు, ఇంకెవరో చెప్పారు, అది చెక్కు చెదరకుండా నా కోసం వున్నది. రెండవ చోట ఆ మలయాళీ మిత్రుడు చెప్పిన మాట మాత్రం వందల ఉత్తరాల అడుగున పడిపోయింది; రేపు మరొక తెలుగు మాస్టారికి అది దొరుకుతుందన్న నమ్మకం లేదు. మొదటిది గ్రంథాలయం వంటిది, రెండవది రచ్చబండ వంటిది. గ్రంథాలయంలో గట్టిగా మాట్లాడితే కసురుతారు. రచ్చబండ దగ్గర ఎవరూ కసరరు, కాని నిన్నటి మాట ఇవాళ ఎవరికీ జ్ఞాపకం వుండదు. ఇప్పటి విద్యార్థులు డిస్కార్డు గదులలోనూ, వాట్సాప్ గుంపులలోనూ అడుక్కునే సందేహాలన్నీ ఈ రెండవ జాతివే.

ఈ వైరుధ్యం కొత్తది కాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ 1979లో యూజ్‌నెట్‌ను ఊహించారు. 1980లో అది నడక మొదలుపెట్టింది. ఒక విశ్వవిద్యాలయం కంప్యూటరు మరొకదానికి టెలిఫోను తీగమీద వార్తలు అందించేది. యజమాని అంటూ ఎవరూ లేరు. రిచర్డ్ స్టాల్‌మన్ అందరికీ చెందే గ్నూ వ్యవస్థను రాయబోతున్నానని 1983లో ప్రకటించింది అక్కడే. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి, తాను సరదాగా ఒక ఆపరేటింగు వ్యవస్థ రాస్తున్నాననీ, మీకేమి కావాలో చెప్పండనీ అడిగింది అక్కడే. అది కూడా ఒక ప్రశ్నే. లినక్సు అట్లా మొదలైంది.

ఆ యూజ్‌నెట్‌లో ప్రతి సెప్టెంబరులోనూ ఒక బాధ వచ్చేది. అక్కడ కాలేజీలు తెరిచేది సెప్టెంబరులో. కొత్త విద్యార్థులు వచ్చి పాత ప్రశ్నలే అడిగేవాళ్ళు. రెండు నెలలు విసుక్కుని, నేర్పి, దారికి తెచ్చేవాళ్ళు. 1993 తరవాత ఇంటర్నెట్టు వ్యాపార సంస్థల ద్వారా మామూలు జనం తండోపతండాలుగా వచ్చిపడ్డారు. పాతవాళ్ళు దీనికి 'అంతం లేని సెప్టెంబరు' అని పేరు పెట్టుకున్నారు. ఈ పేరులో హాస్యం వున్నది, అహంకారం కూడా వున్నది. జూన్ నెల వచ్చిందంటే స్టాఫ్ రూములో మనం మాట్లాడుకునే మాటలు జ్ఞాపకం తెచ్చుకోండి: "మళ్ళీ ఓనమాలనుంచి మొదలు". అయితే ఆ విసుగులోనుంచే ఒక మంచి పని కూడా పుట్టింది. పదే పదే వచ్చే ప్రశ్నలకు సమాధానాలు కూర్చి అందరికీ అందుబాటులో పెట్టారు. సీ భాష మీద స్టీవ్ సమ్మిట్ కూర్చిన సంకలనం 1995లో పుస్తకంగా కూడా వచ్చింది. విసుగును తిట్టుగా మార్చవచ్చు, పుస్తకంగానూ మార్చవచ్చు.

2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రారంభించారు. అప్పటికి సమాధానాలను డబ్బు కట్టినవాళ్ళకే చూపించే చోట్లు వున్నాయి. వీళ్ళు తలుపులు తెరిచిపెట్టారు. ఎవరు రాసినా, పేరు చెప్పి తీసుకోవచ్చు, తీసుకున్నదాన్ని మళ్ళీ అదే షరతుతో పంచాలి అనే అనుమతి కింద వుంచారు. మంచి సమాధానానికి సభ్యులు ఓటు వేస్తే, రాసినవాడికి మార్కులు పెరుగుతాయి. మార్కులు పెరిగినకొద్దీ అధికారాలు పెరుగుతాయి. ఇతరుల రాతను దిద్దటం, పనికిరాని ప్రశ్నను మూయటానికి ఓటు వెయ్యటం, అన్నీ మార్కులను బట్టే. యాభై మార్కులు లేనివాడు ఇతరుల ప్రశ్న కింద చిన్న వ్యాఖ్య కూడా రాయకూడదన్నది ఎంతో కాలం అమలులో వున్న నియమం. అంటే, వివరంగా సమాధానం చెప్పవచ్చు గాని, "ఇది నాకు అర్థం కాలేదు" అని పక్కవాడి సమాధానం కింద అనకూడదు!

దీని వెనక ఒక తర్కం వున్నది; దాన్ని ఒప్పుకోవాలి. అక్కడ ప్రశ్న అడిగేవాడు ముఖ్యం కాదు. రేపు వెతుక్కుంటూ వచ్చే వెయ్యి మంది ముఖ్యం. వాళ్ళ కోసమే ఒకే ప్రశ్నను రెండోసారి రానివ్వరు. నకలు అని ముద్ర వేసి పాత ప్రశ్న దగ్గరికి పంపుతారు. నేను అర్ధరాత్రి లాభపడ్డది ఈ తర్కంవల్లనే. కాని దీనికి మూల్యం చెల్లించేది ఎవరు? కొత్తవాడు, ఇంగ్లీషు సరిగా రానివాడు, ఆ పరిభాష తెలియనివాడు. కొత్తవాళ్ళకూ, స్త్రీలకూ, అణగారిన జాతులవాళ్ళకూ తమ చోటు ఆదరంగా అనిపించటం లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకున్నది. ప్రధానమైన చోట ప్రశ్న ఇంగ్లీషులోనే వుండాలి. పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీసు భాషలకు విడి చోట్లు పెట్టారు. ప్రపంచమంతటా సాఫ్ట్‌వేరు రాస్తున్న తెలుగువాళ్ళు ఎందరో వున్నారు గాని, తెలుగులో ప్రశ్న వేసే చోటు మాత్రం వాళ్ళు పెట్టలేదు, మనమూ కట్టుకోలేదు.

ఇక ఆస్తి సంగతి. 2021లో నెదర్లాండ్స్ పెట్టుబడి సంస్థ ప్రోసస్ స్టాక్ ఓవర్‌ఫ్లోను 180 కోట్ల డాలర్లకు కొన్నది. కొన్నదేమిటి? కంప్యూటర్లూ, కుర్చీలూ కాదు గదా. పదమూడేళ్ళపాటు లక్షల మంది, ఉద్యోగాల మధ్య తీరిక చేసుకొని, కూలి లేకుండా రాసిన ప్రశ్నలూ సమాధానాలూ, వాటి కోసం వచ్చే జనమూ. రాసినవాళ్ళకు దక్కినవి మార్కులు. అనుమతి పత్రం ప్రకారం ఆ రాతలు అందరివీ అన్నది నిజమే. కాని చోటు యజమానిది. ఉత్పత్తి సమష్టిది, ఆస్తి వ్యక్తిది అన్న మాటను మనం మిల్లుల గురించీ, గనుల గురించీ చదువుకున్నాం. జ్ఞానం విషయంలో అది ఇంత నగ్నంగా కనిపిస్తుందని నేను అనుకోలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. డిసెంబరులోనే, యంత్రం రాసిన సమాధానాలను స్టాక్ ఓవర్‌ఫ్లోలో నిషేధించారు. అవి నిజంలా కనిపిస్తూ తప్పులతో వస్తున్నాయని. మరుసటి ఏడు, అట్లాంటి రాతలను ఏరివేసే విషయంలో సంస్థ తమ చేతులు కట్టేసిందని, జీతం లేని నిర్వాహకులు 2023 జూన్‌లో సమ్మె కట్టారు. జీతం తీసుకోనివాడు సమ్మె చెయ్యటం చరిత్రలో తరచు కనిపించే దృశ్యం కాదు. 2024 మే నెలలో సంస్థ ఓపెన్ఏఐతో ఒప్పందం చేసుకున్నది. తమ రాతలను యంత్రానికి మేతగా అమ్మారని కోపం వచ్చిన కొందరు తమ సమాధానాలను తుడిచివెయ్యబోయారు. సంస్థ ఆ సమాధానాలను మళ్ళీ నిలబెట్టి, వాళ్ళ ఖాతాలను కొంతకాలం ఆపివేసింది. నేను రెండు పక్షాల బాధనూ ఆలోచించాను. తుడిచివేస్తే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు, అర్ధరాత్రి వెతుక్కునే నావంటి వాడు కూడా. అయినా, తన కష్టాన్ని వెనక్కు తీసుకునే వీలు కూడా లేదని ఆ మనిషికి ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు ఆ చోట కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. మా కాలేజీ కంప్యూటరు విద్యార్థులను కదిపి చూశాను. మనుషులను అడగటం మానేశామనీ, యంత్రాన్ని అడుగుతున్నామనీ చెప్పారు. ఎందుకని అడిగితే ఒక అబ్బాయి అన్నాడు: "అది నవ్వదు సార్." నేను దీనికి ఏమీ చెప్పలేకపోయాను. యంత్రం తెలివైనదని వాళ్ళు దాని దగ్గరికి పోవటం లేదు, అవమానించదని పోతున్నారు. కాని యంత్రం నాకు చెప్పిన సమాధానం నా గదిలోనే వుండిపోతుంది. రెండో మనిషికి దొరకదు, మూడో మనిషి దిద్దడు. పైగా అది చెబుతున్నది, పూర్వం ఎవరో ఒకరి ప్రశ్నకు ఓపికగా జవాబు రాసినదానిలోనుంచి నేర్చుకున్నదే. ఇక మీదట ఎవరూ రాయకపోతే అది దేనిలోనుంచి నేర్చుకుంటుంది?

ఇంతవరకూ ఇతరుల గురించి రాశాను. నా గురించి రాయకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ వుండదు.

నా ప్రశ్నను మూసివేసిన ఏడాదే, కాలేజీలో సంధులు చెబుతున్నాను. వెనక బెంచీలోనుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, సరళాదేశంలోనూ క పోయి గ వస్తున్నది, గసడదవాదేశంలోనూ క పోయి గ వస్తున్నది గదా. చూసి ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది సార్?" అన్నది. నేను, "ఇదంతా ఆగస్టులోనే చెప్పాను, నోట్సు తీసి చూసుకో" అన్నాను. ఎవరో నవ్వారు. ఆమె కూర్చున్నది. మళ్ళీ ఆ ఏడు నా క్లాసులో నోరు విప్పలేదు.

నకలు ప్రశ్న అని ముద్ర వేసి మూసివేయటమంటే ఇదే. ఆ పోలిక నాకు నెల రోజులకు గాని తట్టలేదు. తట్టిన రోజున హాజరు పట్టీ తీసి చూశాను. ఆగస్టులో ఆమె పదకొండు రోజులు కాలేజీకి రాలేదు. స్నేహితురాలిని అడిగితే, తల్లితో నాట్లకు పోయిందని చెప్పింది.

అంతకంటె సిగ్గుచేటు సంగతి మరొకటి వున్నది. ఆమె ప్రశ్న నకలు కాదు. ఆగస్టులో నేను దానికి సమాధానం చెప్పలేదు, సూత్రాలు చెప్పాను. ద్రుతం మీద పరుషాలకు సరళాలు, ప్రథమ మీద పరుషాలకు గసడదవలు. 'చూచెను గొలను', 'అతడు గోరె'. రెండింటిలోనూ క మారి గ అయింది. అట్లాగే ట మారి డ అవుతుంది, త మారి ద అవుతుంది, రెండు సంధులలోనూ. తేడా కనిపించేది రెండే చోట్ల. చ ఒకదానిలో జ అవుతుంది, మరొకదానిలో స అవుతుంది: 'చేసెను జలువ', 'అతడు సూచె'. ప ఒకదానిలో బ అవుతుంది, మరొకదానిలో వ అవుతుంది: 'చూచెను బులిని', 'అతడు వోయె'. మిగిలిన మూడింటిలో మారిన అక్షరాన్ని చూసి లాభం లేదు, ముందున్న మాటను చూడాలి. పదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్న నేను ఈ అయిదింటినీ ఇట్లా పక్కపక్కన పెట్టి చూపించలేదు. ఆమె అడిగింది ఖచ్చితంగా అదే. మలయాళీ మిత్రుడు నన్ను అడిగినట్టు, "నీ అనుమానం మారిన అక్షరం మీదా, ముందున్న మాట మీదా?" అని ఒక్క మాట అడిగివుంటే, అప్పుడే తేలిపోయేది.

మరునాడు క్లాసులో ఈ సంగతి చెప్పి, ప్రశ్న ఆమెదేనని చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆమె తలెత్తలేదు. ఒప్పుకున్నంత మాత్రాన మూసిన తలుపు తెరుచుకోదని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా శాఖలో ఒక పుస్తకం పెట్టాం. రెండు వందల పేజీల మామూలు లాంగ్ నోటుబుక్. ఎవరైనా పేరు రాయకుండా ప్రశ్న రాయవచ్చు, తమ యాసలోనే. సమాధానం నేనే రాయాలన్న నియమం లేదు. తెలిసిన విద్యార్థి ఎవరైనా రాయవచ్చు, ఇంకొకరు దిద్దవచ్చు. మార్కులు లేవు. వచ్చే ఏటి పిల్లలకు ఆ పుస్తకం అట్లాగే అప్పగిస్తాం. మొదటి పేజీలో క, చ, ట, త, ప పట్టిక వున్నది. ఇది గొప్ప పరిష్కారమని నేను అనటం లేదు. రచ్చబండకున్న ఆదరమూ, గ్రంథాలయానికున్న జ్ఞాపకమూ ఒకే చోట వుండగలవా అని పరీక్షించటానికి మా స్తోమతులో మేము చేస్తున్న ప్రయత్నం. దీనికి యజమాని ఎవరూ లేరు గనక, ఎవరూ అమ్మలేరు.

మాస్టారి వ్యాసాలు యూనికోడ్‌లోకి వచ్చాయి. తప్పులు ఇంకా వున్నాయి, పిల్లలు దిద్దుతున్నారు. ఆ ప్రోగ్రామును ఎవరైనా తీసుకొని బాగుచేసుకోవచ్చునని రాసి బయట పెట్టాను. పోయిన నెలలో ఒకాయన దాని గురించి ప్రశ్న వేశాడు. అక్షరమని దేన్ని అంటున్నాడో తెలియకుండా వున్నది. విసుగు వచ్చిన మాట నిజం. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదట ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను.